పదబంధ ప్రహేళికలో పోలిక: ఒక ఆలంకారిక పరిశీలన

1913లో ఆర్థర్ విన్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ప్రవేశపెట్టిన గళ్ళ ఆట తెలుగులో పదబంధ ప్రహేళికగా, గళ్ళ నుడికట్టుగా స్థిరపడింది. తెలుగులో గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అందులోనే ఇముడుతాయి. ఈ నియమం పర్యాయపదాల విషయంలో ఒక చిక్కును తెస్తుంది.

'పోలిక' అని ఆధారమిచ్చి మూడు గళ్ళు చూపితే సాదృశ్యం, సాధర్మ్యం, సారూప్యం మూడూ సరిపోతాయి. మూడింటికీ తొలి అక్షరం 'సా' కనుక ఆ గడిని దాటే నిలువు పదం ఏమీ తేల్చదు. నడిమి గడిలో 'దృష్టి' మొదలైతే ఒకటి, 'ధనం' మొదలైతే మరొకటి, 'రూపం' మొదలైతే ఇంకొకటి.

అయితే గడి తేల్చేది అక్షరాన్నే, అర్థాన్ని కాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఉపమను భేదం ఉన్నచోటి సాధర్మ్యంగా నిర్వచించాడు. ఉమ్మడి ధర్మం ఉండడం సాధర్మ్యం. దానివల్ల తోచే పోలిక సాదృశ్యం. రూపం ఒకటి కావడం సారూప్యం. ఈ తేడాను చూపే ఆధారమే న్యాయమైనది. సారూప్యానికి 'నాలుగు ముక్తులలో ఒకటి' అన్నా చాలదు. సాలోక్యం, సామీప్యం, సాయుజ్యం కూడా 'సా'తో మొదలయ్యే మూడక్షరాల పదాలే. 'దేవుని రూపాన్నే పొందే ముక్తి' అంటే సందేహానికి తావుండదు.

సందిగ్ధతే ప్రహేళికకు ప్రాణమని వాదించవచ్చు. కాని ధర్మలుప్తోపమలో సమానధర్మాన్ని కవి చెప్పకపోయినా సహృదయుడు ఊహించగలగాలి. ఆధారానికీ అదే కొలత: దాచవచ్చు, లేకుండా చేయరాదు.