పన్నెండు వోల్టులున్నా తిరగని ఫ్యాను

2008లో యమహా ఆర్15 వచ్చాక, నీళ్లతో చల్లబడే ఇంజిన్ మన ఊళ్లలో మామూలు కుర్రాళ్ల చేతికీ అందింది. ఆ తరం బళ్లకు ఇప్పుడు వయసు మీద పడింది. రేడియేటరు వెనకున్న చిన్న ఫ్యాను తిరగడం మానేస్తే చాలా షెడ్లలో వినిపించే మాట ఒకటే: ‘మోటారు పోయింది, మార్చేద్దాం.’ విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ ఆ మాట అనడానికి ఎంత ఆలస్యం చేస్తాడో దగ్గరుండి చూశాను. ఆయన పనితనమంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

ముందు స్పానర్ తీయడు, ప్రశ్న అడుగుతాడు. ‘బాబూ, హైవే మీద కూడా వేడెక్కుతోందా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడేనా?’ బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటరును చల్లారుస్తుంది, ఫ్యానుతో పనుండదు. అప్పుడూ వేడెక్కుతుంటే చూడాల్సింది కూలెంటు, థర్మోస్టాట్, పంపు. ఆగినప్పుడే అన్నాడు బండి తెచ్చిన కుర్రాడు. ఒక్క ప్రశ్నతో సగం బండి అనుమానంలోంచి తప్పుకుంది.

ఇంజిన్ చల్లారాకే మూత తీసి కూలెంటు చూశాడు. ఒత్తిడిలో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటినా మరగదు, వేడి మీద మూత తిప్పితే మాత్రం ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఫ్యూజు బాగానే ఉంది. బ్యాటరీ నుంచి డైరెక్టుగా రెండు వైర్లు ఇస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. అది అంతకుముందే వేరేచోట కొత్తగా వేయించిన మోటారట! ఇంజిన్ వేడెక్కాక, ఫ్యానుకి కరెంటు వదిలే స్విచ్చి, అంటే రిలే, టిక్కుమంది. అంటే వేడిని కనిపెట్టే సెన్సారు కబురు పంపుతోంది, బండి కంప్యూటరు వింటోంది. కనెక్టరు ఊడదీసి మల్టీమీటరు పెడితే 12 వోల్టులు. అన్నీ ఉన్నాయి, ఫ్యాను మాత్రం తిరగదు.

ఇక్కడ ఆయన చేసింది చూడాలి. మీటరు పక్కన పెట్టి, అదే కనెక్టరుకి పాత హెడ్‌లైటు బల్బు తగిలించాడు. బల్బు గుడ్డిగా వెలిగింది. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. సన్నటి సందులోంచి ఒక మనిషి పోగలడు గానీ ఊరేగింపు పోలేదు. బల్బు ఆ ఊరేగింపును పంపి చూస్తుంది.

ఫ్యాను మళ్లీ కలిపి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగిటివ్‌కి, రెండోది ఫ్యాను ఎర్త్ వైరుకి ఆనించాడు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన అంకె 9 దాటింది. మోటారుకి అందాల్సిన బలాన్ని ఎర్త్ దారే తినేస్తోంది. టేపు విప్పితే, ఎర్త్ వైరు కొసన ఫ్రేముకి బిగించిన లగ్గు నిండా పచ్చటి చిలుము.

గీకి బిగించేసేవాళ్లే ఎక్కువ. ఆయన వైరు కత్తిరించాడు. లోపలి రాగి నల్లగా ఉంటే మళ్లీ కత్తిరించాడు, మెరిసేదాకా. కొత్త లగ్గుకి టంకం పెట్టలేదు. టంకం పట్టినచోట వైరు బిరుసెక్కి బండి అదురుకి విరుగుతుందని, క్రింపింగ్ పట్టకారుతో నొక్కి, గట్టిగా లాగి చూసుకున్నాడు. ఫ్రేము మీద లగ్గు ఆనేంత మేరే పెయింటు గీకి, బోల్టు బిగించాక పైన గ్రీజు రాశాడు.

బండి స్టార్టు చేసి నిలబెడితే కాసేపటికి ఫ్యాను తిరిగింది. కుర్రాడు డబ్బులు తీయబోతే ఆగమన్నాడు. ఫ్యాను ఆగాలి, మళ్లీ దానంతటదే తిరగాలి. రిలే అతుక్కుపోయి ఫ్యాను ఆగకపోతే రేపు బ్యాటరీ దిగిపోతుంది. రెండోసారి తిరిగి ఆగాకే బిల్లు చెప్పాడు.