సిమెంటు అంటే మొదట రాయే

జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాలలో ఒక ఇంటికి ప్రహరీ కడుతుంటే మొన్న కాసేపు నిలబడి చూశాను. మేస్త్రి ఒక రాయి అందుకుని సుత్తితో అంచు కొట్టాడు. పెచ్చు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. "సిమెంటు ఇంకాస్త కలపరా, మాలు పల్చగుంది" అని కుర్రాణ్ణి కేకేశాడు. నేను మాత్రం ఆ పెచ్చునే చూస్తున్నాను. సిమెంటు అంటే మొదట అదే మరి.

నరకడం, చెక్కడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి 'కయిమెంటుమ్' పుట్టింది. అంటే రాతిపెచ్చు. రోమన్లు గోడ కట్టేటప్పుడు సున్నపు ముద్దలో ఈ పెచ్చులు కూరేవారు. రెండూ ఎప్పుడూ కలిసే ఉండటంతో రాయి పేరు మెల్లగా ముద్దకు అంటుకుంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరేసరికి రాయి జారిపోయి, అతికేది అన్న అర్థమే మిగిలింది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 'పోర్ట్‌లాండ్ సిమెంట్'కు పేటెంటు తీసుకున్నాక అది బూడిదరంగు పొడి పేరుగా స్థిరపడింది.

ఈ కాలమ్ కోసం వారం వారం మాటల వెంట తిరుగుతుంటాను. పాత అర్థమే అసలుది, కొత్తది తప్పు అనేవాళ్ళతో నాకు పేచీ. నూనె అంటే నువ్వుల నెయ్యి. అంతమాత్రాన వేరుశనగ నూనె అనడం మానేస్తామా? గచ్చు ఒకప్పుడు సున్నపు పూత. ఇవాళ ఇల్లాలు గచ్చు కడిగానంటే నేల కడిగిందనే.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఈ సీమలో మాట ఇంకో అడుగు వేసింది. సిమెంటులో కంకర, ఇసుక కలిపి పోసినదాన్ని ఇంజనీర్లు కాంక్రీటంటారు. ఊళ్ళో మాత్రం అది సిమెంటు రోడ్డు. ఆ పలుకుబడి నాకెంతో ఇష్టం. ఎప్పుడో దారిలో జారిపోయిన రాయి మన నోట మళ్ళీ ఆ మాటలోకి వచ్చి చేరింది!

నేను కదలబోతుంటే మేస్త్రి వంగి నా కాళ్ళ దగ్గరి పెచ్చు తీసుకున్నాడు. రెండు రాళ్ళ మధ్య సందులో దూర్చి, తాపీ మడమతో రెండు దెబ్బలు వేసి, పైన మాలు మెత్తాడు.