చిత్తకార్తె పోయాక

హార్సిలీ కొండకు సైకిలు మీద పోవాలనుకునే వాళ్లంతా డిసెంబరు కోసం కాచుకుని ఉంటారు. అప్పటికి వానలు వెనకబడతాయి, తొమ్మిదైనా ఎండ చురుక్కుమనదు, గాలిబండ మీద నిలబడితే పొగమంచులో కింద ఊళ్లు కనపడవు. శనివారం రాత్రే బెంగళూరు నుంచి కారు వెనకాల సైకిళ్లు కట్టుకుని వచ్చేవాళ్లూ, మదనపల్లె నుంచి చీకటితో బయల్దేరేవాళ్లూ మా బి.కొత్తకోట రోడ్ల మీద ఆ నెలలోనే ఎక్కువ కనిపిస్తారు. కుక్కలు వెంటపడ్డాయన్న గోడు కూడా ఆ నెలలోనే ఎక్కువ వినిపిస్తుంది. చలికి కుక్కలకు తిక్క రేగుతుందని టీ బంకు దగ్గర ఒకాయన తేల్చేశాడు. నేనైతే పంచాంగం చూడమంటాను.

చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఆ కార్తెలో కుక్కలు ఎదకొచ్చే సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, మన తిట్లలోకి కూడా ఎక్కింది. కుక్క చూలు అరవైమూడు రోజులు, ఒకటి రెండు అటూ ఇటూ. వేళ్ల మీద లెక్కేసుకుంటే ధనుర్మాసం మొదలయ్యే వేళకు కల్వర్టుల కింద, పాడుబడిన పంపుసెట్టు గదుల్లో, రోడ్డు పని కోసం తెచ్చి వదిలేసిన సిమెంటు తూముల్లో ఈనుతాయి. పిల్లలు కళ్లు తెరవడానికి రెండు వారాలు. కాళ్లు కుదిరి తప్పటడుగులతో రోడ్డంచుకు రావడానికి ఇంకో రెండు మూడు వారాలు. అంటే సంక్రాంతి దాటేదాకా ఆ తల్లికి కంటిమీద కునుకుండదు. ఊరకుక్కలు ఏడాది పొడుగునా ఎప్పుడో ఒకప్పుడు ఈనుతూనే ఉంటాయి గానీ పెద్ద విడత మాత్రం ఇదే. సరిగ్గా అప్పుడే మనం హెల్మెట్టు పెట్టుకుని, నెత్తిన లైటు వేసుకుని, చక్రాలు చుయ్యిమనిపిస్తూ ఆ తూము పక్కనుంచి దూసుకుపోతాం.

అందుకే డిసెంబరులో వెంటపడే కుక్కను నేను మిగతా కుక్కలతో కలిపి లెక్కేయను. ఇందులో రకాలున్నాయి. కోళ్ల అంగడి ముందర ఉండే గుంపు ఒక రకం. వాటికి తిండికి లోటు లేదు, పొగరూ ఎక్కువే. ఆదివారం పొద్దున మరీను. టమోటా తోటల్లో అడవిపందుల కోసం పెట్టుకున్న కాపలా కుక్క ఇంకో రకం. దాని హద్దు కంచె దాకానే, కంచె దాటి నాలుగడుగులు వచ్చి మొరిగి వెనక్కి పోతుంది. గొర్రెల మంద వెంట వచ్చే కుక్క సంగతి వేరు. దానికి మన మీద ద్వేషమేమీ ఉండదు, మంద నుంచి మనల్ని దూరంగా తోలడమే దాని పని. మంద రోడ్డు దాటే దాకా ఆగితే చాలు. చివరి రకం, మేడ గేటు సందులోంచి జారి వచ్చేది. దాని వెనకాలే గేటు దగ్గరి నుంచి ఒక గొంతు వస్తుంది: "ఏమీ చెయ్యదు పోప్పా, కొత్తోళ్లను చూస్తే అట్లనే అరుస్తాది." ఏళ్ల తరబడి అదే గేటు ముందు నుంచి పోతున్నా ఆ ఇంటికి నేను కొత్తోణ్ణే.

కుక్క ఎందుకు తరుముతుందన్నది పెద్ద చిక్కుముడేమీ కాదు. వేటజంతువు నుంచి వచ్చిన జాతి అది. కనిపెట్టడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం అని వేటలో మెట్లుంటాయి. కుక్కల మీద చాలాకాలం పనిచేసిన అమెరికా జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ ఈ మెట్ల గురించి వివరంగా రాశాడు. మనిషి పెంపకంలో ఒక్కో జాతిలో ఒక్కో మెట్టు అరిగిపోయింది, ఇంకో మెట్టు గట్టిపడింది. ఊరకుక్కలో తరమడం బాగానే మిగిలింది, ఆ పైవి చాలామటుకు మందగించాయి. అందుకే వంద గజాలు ఉరికి, పిక్క దాకా వచ్చి, తర్వాత ఏం చెయ్యాలో తోచనట్టు ఆగిపోయే కుక్కలే ఎక్కువ. ఉరికే కాలు కనపడితే ఉరకాలి, అంతే దానికి తెలిసింది. సైకిలు మీద మన కాలు ఉరుకుతూనే ఉంటుంది. పైగా అది కాలులాగా ముందుకు పోదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కుక్క కంటికి అంతకంటే ఊరించేది ఏముంటుంది?

బక్క ఊరకుక్క కూడా కాసేపు గంటకు ముప్పై కిలోమీటర్లకు తగ్గకుండా ఉరుకుతుంది. చదును రోడ్డు మీద మామూలు సైకిలుదారు బలమంతా పెట్టినా ఆ అంకె దగ్గరే ఆయాసపడతాడు. కొండ ఎక్కేటప్పుడైతే ఆ మాటే వద్దు. నాలుగు వేల అడుగుల పైనున్న కొండ అది, ఘాట్ రోడ్డులో మలుపు తిరిగి నిక్కేచోట నడిచేవాడు కూడా మనతో కబుర్లు చెబుతూ పక్కనే రాగలడు. దిగేటప్పుడు కుక్క మనల్ని అందుకోలేదు గానీ అడ్డం రాగలదు. 2007 టూర్ డి ఫ్రాన్స్‌లో జర్మనీ పోటీదారు మార్కస్ బుర్గార్ట్ ఒక లాబ్రడార్‌ను గుద్దుకుంటే అతని ముందు చక్రం అప్పడంలా మడతపడిపోయింది. కుక్క లేచి తన దారిన పోయింది. అదే టూర్‌లో ఇంకో రోజు కుక్క వల్లే కిందపడిన ఫ్రాన్సు కుర్రాడు సాండీ కాసార్ లేచి, తోలు ఊడిన తొడతోనే తొక్కి ఆ రోజు పందెం గెలిచాడు. మనకు వెనకాల డాక్టరు కారు రాదు. వచ్చేది టమోటా లారీ.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. కుక్క పన్ను కంటే దాన్ని చూసి మనం వేసే వేషాలే ఎక్కువ దెబ్బతీస్తాయి. కుక్క రాగానే కాళ్లు రెండూ పైకెత్తి హ్యాండిలు మీదికో, నడిమి గొట్టం మీదికో తెచ్చుకోవడం అందరికీ అలవాటు. చిన్నప్పుడు అద్దె సైకిలు మీద నేర్చుకున్న విద్య అది. కాలు ఎత్తగానే పెడలు ఆగుతుంది, వేగం పడిపోతుంది, హ్యాండిలు వణుకుతుంది. కళ్లు రోడ్డు వదిలి కుక్క మీద ఉంటాయి. కళ్లెటు పోతే సైకిలూ అటే పోతుంది. మదనపల్లె, అంగళ్లు, ములకలచెరువు మార్కెట్ల మధ్య సరుకు చెడకముందే చేరాలని పరుగెత్తే లారీల రోడ్డు మీద, రెండడుగులు కుడికి తూలడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

దిగడం ఒక్కటే మార్గం. ఇది నా కనిపెట్టుడేమీ కాదు. ఈ రోడ్ల మీద క్యాన్లు కట్టుకుని పాలు పోసే వాళ్లు, తెల్లారకముందు పేపర్లు వేసే పిల్లలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే. సరదాకు తొక్కేవాళ్లకే దిగడమంటే నామోషీ. నాకు ఆ పాఠం చెప్పిన పాలాయన ఒక్క మాటతో తేల్చేశాడు: "దిగి నడువు సామీ, అదే పోతాది. నువ్వు ఉరికే కొద్దీ అది ఉరుకుతాది." దిగేటప్పుడు కుక్కకు అవతలి వైపు దిగాలి, సైకిలు మధ్యలో ఉండాలి. కళ్లలోకి గుడ్లురిమి చూడకూడదు, వీపు పూర్తిగా తిప్పనూ కూడదు. అది పక్కకు తిరిగితే సైకిలును కూడా దానితోపాటే తిప్పుతూ మెల్లగా నడవాలి. తిరిగే కాలు ఆగిపోయేసరికి తరమడానికి దానికి ఏమీ మిగలదు. రెండు మూడు సార్లు మొరుగుతుంది, కాస్త దూరం మనల్ని సాగనంపుతుంది, తర్వాత నేల వాసన చూడటం మొదలుపెడుతుంది. నేల వాసన చూసిందంటే మన బేరం కుదిరినట్టే.

దిగినవాడికి ఇంకో సౌకర్యం ఉంది, వంగొచ్చు. రాయి తీసుకున్నట్టు నేల మీదికి వంగడం ఈ దేశంలో ప్రతి కుక్కకూ తెలిసిన భాష. రాయి విసరక్కర్లేదు, అసలు అక్కడ రాయి ఉండక్కర్లేదు. వెన్ను వంగి చెయ్యి నేలకు పోతే చాలు, పది గజాలు వెనక్కి తగ్గుతుంది. సీటు మీద కూర్చున్నవాడు ఎంత గింజుకున్నా ఈ పని చెయ్యలేడు. గుంపు మధ్యలో చిక్కుకున్నప్పుడు తప్ప నేను దీన్ని కూడా వాడను. రోజూ బెదిరించిన కుక్క రోజూ పగబట్టినట్టే చూస్తుంది. ఈనిన తల్లి దగ్గర అసలు వంగకూడదు. పిల్లల మీదికి చెయ్యి పోతోందనుకుంటే అది వెనక్కి తగ్గదు.

ఇతరుల ఉపాయాలు చాలా విన్నాను. హ్యాండిలుకు కర్ర కట్టుకునే వాళ్లున్నారు, మన చెవికి వినపడని ఈల వేసే మిషన్లు కొనేవాళ్లున్నారు. నీళ్ల సీసా నొక్కి మూతి మీద చిమ్మడం కొంత నయం. పార్లే-జి పొట్లం జేబులో వేసుకుని పోయే పేపరు కుర్రాడొకడున్నాడు. వాడి ఇబ్బంది వేరు. కుక్కలిప్పుడు వాణ్ణి తరమడం లేదు, ప్రేమకొద్దీ ఎదురొచ్చి ముందు చక్రం కింద దూరుతున్నాయి. వీటన్నిటికీ తాత ఫ్రాన్సులో పుట్టింది. 1890లలో, సైకిళ్ల మోజు ఊపందుకున్న రోజుల్లో, అక్కడి తుపాకుల తయారీదారు షార్ల్ ఫ్రాన్స్వా గలాన్ సైకిలుదారుల కోసమే జేబులో పట్టే రివాల్వరు చేశాడు. పేరు వెలో-డాగ్. తర్వాత తర్వాత కుక్కను చంపడం మరీ ఘోరమనుకున్నారో ఏమో, సీసం బదులు బెరడు ముక్కలూ మిరపకారమూ కూరిన తూటాలు కూడా వచ్చాయి. కుక్కను చూసి బెదిరిన సైకిలుదారు పల్లెటూరి వాడైనా పారిస్ దొరైనా ఒకటేనన్నమాట. దిగి నడవడం మాత్రం ఆ దొరకు కూడా నామోషీ అనిపించినట్టుంది.

ఈ విద్యలో ఆరితేరిన వాళ్లు మా హైస్కూలు ఆడపిల్లలు. 'బడికొస్తా' పథకంలో సర్కారు ఇచ్చిన సైకిళ్లు కొన్ని ఇంకా నడుస్తున్నాయి, అక్కలు తొక్కినవి చెల్లెళ్లకు దిగాయి. పల్లెల నుంచి ముగ్గురు నలుగురు కలిసి వస్తారు. కుక్క ఎప్పుడూ గుంపులో చివరి సైకిలునే ఎంచుకుంటుందని వాళ్లకు తెలుసు. అందుకే కొత్తగా నేర్చుకున్న పిల్లను మధ్యలో పెట్టి, గట్టి పిండం వెనకాల వస్తుంది. కుక్క ఉన్న మలుపు రాకముందే చున్నీలు వెనక్కి ముడేసుకుంటారు, చైనులో పడకుండా. మలుపు దగ్గర మాటలు ఆపరు, కానీ అందరి పెడళ్లూ ఒక్కసారిగా నెమ్మదిస్తాయి. వెనకాల పిల్ల తల తిప్పకుండానే "ఏయ్, పో!" అంటుంది, తమ్ముణ్ణి కసిరినట్టు. కుక్క లేచినదల్లా మళ్లీ కూర్చుంటుంది. వేలు పోసి బూట్లూ చొక్కాలూ కొనుక్కుని వచ్చేవాళ్లు ఒక పూట ఈ పిల్లల వెనకాల తొక్కితే చాలు.

ఇంత చెప్పినా కరిచే కుక్క కరుస్తుంది. అప్పుడు చెయ్యాల్సింది మొదట పంపు దగ్గరికి పోవడం. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని. కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. మా వైపు ఇప్పటికీ కారం అద్దే ఇళ్లున్నాయి. అదే రోజు సర్కారు ఆసుపత్రిలో సూది వేయించుకోవాలి. మొదటిరోజు, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, చేతికే, చర్మంలోనే. గాయం లోతైతే మొదటిరోజే గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. దీన్ని ఎగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న కథ మన ఇళ్లల్లో ఇంకా పోలేదు. ఒకప్పుడు అది నిజమే. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందును మన దేశంలో 2004 ఆఖరుకు ఆపేశారు. అంతకుముందు తరాల్లో మద్రాసు రాజధానిలో కుక్క కరిస్తే, 1907లో పెట్టిన కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ దాకా పోయేవాళ్లు. ఇప్పుడు సూది ఊళ్లోనే దొరుకుతున్నా, ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు.

కుక్కల మీద ప్రేమతో ఇదంతా రాస్తున్నానని అనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి కుక్కలు చంపిన దృశ్యం చూసినవాళ్లెవరూ ఈ సంగతిని తేలిగ్గా తీసుకోలేరు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. 22న ముగ్గురి బెంచి దాన్ని సవరించింది. ఆపరేషనూ టీకా అయ్యాక, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. ఆ వారమంతా మా సైకిళ్ల గుంపులో వాదులాటే. పట్టిన చోటే వదలడం ఏం న్యాయమని బెంగళూరు మిత్రుడొకడు మండిపడ్డాడు. నాకు మాత్రం అది పనికొచ్చే మాటగానే కనిపించింది. కోళ్ల అంగడి వ్యర్థాలు రోడ్డు పక్కన పోస్తున్నన్నాళ్లూ ఒక గుంపును ఎత్తుకుపోతే ఇంకో గుంపు వస్తుంది. కొత్త గుంపుకు టీకా ఉండదు, మన ముఖమూ తెలియదు. ఆపరేషను అయిన కుక్కకు చెవి కొన కత్తిరించి ఉంటుంది. దిగి నడిచేటప్పుడు నేను ముందు చూసేది ఆ చెవినే. మా వైపు నిండు చెవులే ఎక్కువ కనిపిస్తాయి. ఊరు నగర పంచాయతీ అయింది, పన్నులు కడుతున్నాం, ఇక అడగాల్సింది ఈ కత్తెర గురించే. ఈ పని చిత్తకార్తెకు ముందే జరగాలి, డిసెంబరులో కాదు.

తెలిసిన కుక్కతో బతకడం అంత కష్టమేమీ కాదు. నా దారిలో ఇప్పుడు చాలామటుకు తల కూడా ఎత్తవు. కల్వర్టు దగ్గరి నల్లది ఒక చెవి తిప్పి చక్రం చప్పుడు విని, నేనేనని తేల్చుకుని మళ్లీ పడుకుంటుంది. వాన పడిన రోజు మాత్రం పసుప్పచ్చ రెయిన్‌కోటు వేసుకుంటాను. అది రెక్కల్లా టపటపలాడుతుంది. ఆ రోజు అంతా మొదటికొస్తుంది, కోళ్ల అంగడి నుంచి కొండ క్రాసు దాకా దిగుతూ, నడుస్తూ, ఎక్కుతూ పోతాను.