బాట దిగని నడక

కొండ ఎక్కడంలో నేర్పు అంటే ఎంత ఎత్తుకు, ఎంత వేగంగా ఎక్కామన్నదే లెక్క అనుకుంటాం. సున్నపురాతి కొండ మీద మాత్రం బాట దిగకుండా నడవడమే అసలైన నేర్పు. తైవాన్‌లో కావోషుంగ్ నగరాన్ని ఆనుకుని, సముద్రపు ఒడ్డున సుమారు 350 మీటర్ల ఎత్తున్న షౌషాన్ ఇందుకు సాక్ష్యం. సముద్రంలో పెరిగిన పగడపు దిబ్బలు పైకి లేచి కొండగా మారిన చోటు అది. రాతి సందుల్లోకి వేళ్లు దింపిన మర్రిజాతి చెట్లతో అక్కడ అడవి అల్లుకుంది. సిమెంటు కోసం ఒక పక్క దశాబ్దాలపాటు తవ్వినా, సైన్యం ఆంక్షల వల్ల చాలా భాగం మిగిలింది. 2011లో ఆ కొండ జాతీయ ప్రకృతి ఉద్యానంలో భాగమైంది.

సున్నపురాయి వాననీటికి కరుగుతుంది. కరిగిన సున్నం నీటితోనే పోతుంది. రాతిలో కలిసివున్న కాస్త బంకమట్టి వంటిదే నేలగా మిగులుతుంది. అందుకే అక్కడ మట్టి పొర పలచన, అది ఏర్పడటానికి వేల ఏళ్లు కావాలి. పదిమంది అడ్డదారి తొక్కితే ఆకుల కప్పు చెదురుతుంది, వేళ్లు బయటపడతాయి, వదులైన మట్టి వానకు రాతి పగుళ్లలోకి జారిపోతుంది. షౌషాన్‌లో చాలాచోట్ల నేలకు ఎడంగా చెక్కపలకల బాటలు వేసింది ఈ నష్టాన్ని ఆపడానికే.

పలకల మీద నడిస్తే అడవిని తాకినట్టే ఉండదని కొందరంటారు. ఆ బాధలో నిజముంది. కానీ పలకల కింద వాన ఇంకుతుంది, ఆకు రాలి కుళ్లుతుంది. మన పాదానికి దక్కని స్పర్శ అక్కడి మట్టికి ఆయుష్షు అవుతుంది. నా ఒక్కడి అడుగుతో ఏమవుతుందన్నది రెండో వాదన. కొత్త దారి ఎప్పుడూ ఒక్కడి అడుగుతోనే మొదలవుతుంది. గడ్డి నలిగిన జాడ కనిపిస్తే చాలు, వెనక వచ్చేవాడు దాన్నే దారి అనుకుంటాడు.

ఇది తైవాన్‌కే పరిమితమైన మాట కాదు. మన అనంతగిరి కొండల్లో బొర్రా గుహలదీ సున్నపురాయే. పైనున్న అడవి మట్టిలోంచి దిగిన నీటి చుక్కలే కింద రాతి ఊడల్ని పెంచుతాయి. పై నేల పాడైతే ఆ గుహకూ చేటే. అరకు దారిలో కొండలెక్కే యువతీయువకులకు నా విన్నపం ఒక్కటే: బాట ఎంత చుట్టు తిరిగినా దాని మీదే నడవండి.