మూడవ క్షణం: మనోగతం నుండి మాట దాకా

రచయిత మనస్సులో కదలిన భావం పాఠకుని చేరేసరికి ఎంత మిగులుతుందన్న ప్రశ్నకు మన ఆలంకారికులు సాధారణీకరణమనే సమాధానం చెప్పారు. అనుభూతి వ్యక్తిగతమైన హద్దులను వదలి సర్వసామాన్యం కావడం వల్లనే సహృదయుడు దానిని ఆస్వాదించగలుగుతాడని భట్టనాయకుని వాదం. మరి వదలివేసిన ఆ వ్యక్తిగతాంశం మాటేమిటి?

ఈ సందేహాన్ని తీవ్రంగా పట్టించుకున్న ఆధునిక హిందీ కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్ (1917–1964). రాయ్‌పూర్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని రాజ్‌నంద్‌గావ్‌లో 1958 నుండి అధ్యాపకునిగా పనిచేసిన ఆయన, ‘తీస్రా క్షణ్’ అనే రచనలో కళకు మూడు క్షణాలను ప్రతిపాదించారు. మొదటిది జీవితంలోని తీవ్రానుభవం. ఆ అనుభవం తన బాధామూలాల నుండి విడివడి ఒక ఫాంటసీగా కళ్లెదుట నిలవడం రెండవది. దానిని మాటలలో పెట్టడం మూడవది. చిక్కంతా ఇక్కడే. భాష ఏ ఒక్కరి సొత్తూ కాదు, సంఘానిది. తరతరాల వాడుకలో ప్రతి మాటకూ అర్థాలు అంటుకొని ఉంటాయి. కనుక మాటల్లోకి దిగుతూనే ఫాంటసీ మారిపోతుంది. దీనిని ముక్తిబోధ్ కేవలం నష్టంగా లెక్కించలేదు. ఆ పెనుగులాటలో భాష కూడా కొత్త అర్థాలను సంతరించుకుంటుందన్నారు. ఆయన దీర్ఘకవిత ‘అంధేరే మే’లో ఆ పెనుగులాట అడుగడుగునా కనిపిస్తుంది. హైదరాబాదు నుండి వెలువడిన ‘కల్పన’ పత్రిక 1964 నవంబరులో దానిని ప్రచురించేనాటికి కవి కన్నుమూసి రెండు నెలలైంది. సందేహం తీర్చడానికి ఆయన లేరు. కవితలోని దుర్గమత్వం కొంత నిజంగానే పాఠకుని దూరం పెడుతుంది. ఆ సంగతిని భక్తితో కప్పిపుచ్చనక్కరలేదు.

ముక్తిబోధ్ ప్రోత్సాహంతో ఎదిగి, రాయ్‌పూర్‌లో స్థిరపడిన వినోద్ కుమార్ శుక్ల పట్టిన దారి వేరు. ‘నౌకర్ కీ కమీజ్’ (1979) నవలలో, ఆదర్శ సేవకుని కోసం సాహెబు కుట్టించిన చొక్కాను గుమాస్తా సంతూబాబుకు బలవంతాన తొడుగుతారు. అది అతని ఒంటికి అతికినట్లు సరిపోతుంది. అవమానాన్ని వర్ణించే పని రచయితకు లేకపోయింది. చొక్కా సరిపోవడమే దుర్భరం. కార్యాలయాల్లో మెలగిన పాఠకులకు ఇక వ్యాఖ్యానమెందుకు?

1999లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ’లో మాత్రం ఈ పద్ధతి అంత నిలకడగా ఫలించలేదు. ఆ కిటికీ దాటి వెళితే నది, చెరువులు, అలికిన కాలిబాటలు. రఘువర్ ప్రసాద్, సోన్సీ దంపతుల సంతోషం అక్కడ నిరాటంకం. చొక్కా పాఠకుని ఒంటికీ తగులుతుంది. కిటికీ అవతలి లోకం కొన్ని పుటలలో ఆ దంపతులదిగానే ఉండిపోతుంది.