పళ్ళ నుంచి పత్రం దాకా: గుర్రానికి వెల కట్టే పని

బండలాగుడు పోటీల్లో గిత్తలను రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని విడదీస్తారు. గుర్రానికి వెల కట్టే నిపుణుడూ పెదవులు పైకెత్తి పళ్ళే చూస్తాడు. పైన ఆరు, కింద ఆరు ముందుపళ్ళు. నడిమి జత పాలపళ్ళు రెండున్నరేళ్ళకు రాలి అసలువి వస్తాయి. వాటి పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. ఐదేళ్ళకు నోరు నిండుతుంది.

ఆపైన వయసును అరుగుదలే చెప్పాలి. పంటి కొసన చిన్న నల్లటి గుంట ఉంటుంది. కింది దవడలో నడిమి పళ్ళకు 6 ఏళ్ళకు, పక్కవాటికి 7కు, చివరివాటికి 8కి అది దాదాపు అరిగిపోతుంది. పదో ఏట పై చివరి పంటి మీద, చిగుళ్ళ దగ్గర సన్నటి గాడి మొదలవుతుంది. అది 15కు సగం దాకా, 20కి పంటి అంచు దాకా దిగుతుంది. మేతను బట్టీ, జాతిని బట్టీ ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది గనక ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తీర్పు చెప్పరు.

మోసానికీ ఇక్కడే మందు ఉంది. ముసలి గుర్రం పళ్ళలో గుంటలు తొలిచి, కాల్చి నలుపు చేసి అమ్మడం పాత విద్య. కానీ అసలు గుంట చుట్టూ పింగాణీ వలయం ఉంటుంది, తొలిచినదానికి ఉండదు. పైగా వయసుతోపాటు పళ్ళు ముందుకు వాలతాయి. ఆ వాలును ఎవరూ నిలబెట్టలేరు.

తర్వాత కాళ్ళు. డెక్కలు జతకు జత సరిపోతున్నాయా, లాడం ఒక పక్కే అరిగిందా, మోకాళ్ళ దగ్గర వేడి, వాపు ఉన్నాయా అని తడిమి చూస్తాడు. ఆపైన గట్టి నేల మీద పగ్గం వదులుగా పట్టించి, చిన్న పరుగు తీయిస్తాడు. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనగానే తల పైకి లేస్తుంది. మంచికాలు ఆనగానే దిగుతుంది. అనుమానం వస్తే పశువైద్యుణ్ణి పిలవమంటాడు. రోగం తేల్చడం వైద్యుడి పని, వెల తేల్చడం తన పని.

ఇక కాగితాలు. వంశపత్రం, పందేల ఫలితాలు, శిక్షణ వివరాలు, మెడలోని మైక్రోచిప్ సంఖ్య అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. అందుకే మే నెలలో పుట్టిన పిల్లకు కాగితం మీది వయసు కొన్ని నెలలు ఎక్కువే చూపిస్తుంది.

చివరికి అదే జాతి, దగ్గర వయసు, అదే స్థాయి శిక్షణ ఉన్న గుర్రాలు ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయో వెతికి, తేడాలకు కలిపీ తీసీ అంకె వేస్తాడు. బీమాకా, పంపకానికా, దానానికా, ఏ తేదీ నాటికి అన్నది నివేదికలో రాస్తాడు. అవి మారితే అంకె మారుతుంది.

అమెరికాలో పన్ను మినహాయింపు కోసం గుర్రాన్ని దానమిస్తే, కోరే మినహాయింపు 5,000 డాలర్లు దాటినప్పుడు ఇలాంటి నివేదిక తప్పనిసరి. అక్కడ వెల కట్టినవాడి ఫీజు ఆ వెలలో ఇంత శాతం అని ఉండకూడదు. గుర్రం వెల ఎంత తేలినా, అతని కూలి పెరగదు.