చింతగింజల లెక్క

మా అమ్మాయి పురిటికి వచ్చిన రోజుల్లో మంచం పక్కన స్టీలు గిన్నెలో చింతగింజలు ఉండేవి. వామనగుంటలకు కాదు. రాత్రి భోంచేశాక ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని, కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఒక గింజ తీసి పళ్లెంలో వేసేది. టీవీ కట్టేయాలని నా షరతు. సీరియల్ చూస్తూ లెక్కపెడితే సగం కదలికలు తెలియనే తెలియవు.

28వ వారం నుంచి రోజూ గమనించుకోమని డాక్టరమ్మ చెప్పింది. రెండు గంటల్లో పది అన్నది అందరూ చెప్పే లెక్క. నన్నడిగితే పదికన్నా ఆ బిడ్డ అలవాటు ముఖ్యం. మాది (మనవడో మనవరాలో అప్పటికి తెలియదుగా) తొమ్మిది కొట్టగానే మొదలెట్టి అరగంటలో పదీ పూర్తిచేసేది.

ఒక రాత్రి పదకొండైనా పళ్లెంలో నాలుగే గింజలు.

"నెలలు నిండాయిగా, చోటు చాలక కదలట్లేదులే. పొద్దున్నే వెళ్దాం" అన్నాను. మా అమ్మా తలూపింది. మా అత్తగారు నాతో అన్న మాటే అది. శుద్ధ తప్పు. నెలలు నిండేకొద్దీ తన్నులు పోయి దొర్లడం, నెట్టడం ఎక్కువ కావచ్చు గానీ కదలికలు తగ్గకూడదు. మాయ నుంచి ప్రాణవాయువు చాలకపోతే బిడ్డ ఉన్న శక్తిని దాచుకోవడానికి కదలడం తగ్గిస్తుంది. తగ్గాయని అనుమానం వస్తే పొద్దుటిదాకా ఆగకూడదు, పది పడేదాకా లెక్కపెడుతూ కూర్చోనూకూడదు. గుండె చప్పుడు వినే మెషిన్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొంటున్నారు. చప్పుడు వినిపించినంత మాత్రాన బిడ్డ క్షేమమని కాదు. పైగా తల్లి నాడినే బిడ్డ గుండె అనుకునే ప్రమాదం ఉంది.

"రోజూ ఇలా ఉండదమ్మా" అని మా అమ్మాయే చెప్పులేసుకుంది. వీధి చివర ఆటో దొరికింది. దొరక్కపోతే 108 ఉండనే ఉంది.

ఆస్పత్రిలో పొట్టకు రెండు బెల్టులు కట్టి, చేతికో బటన్ ఇచ్చారు. బిడ్డ కదిలితే నొక్కాలి. ఇరవై నిమిషాలు కాగితం మీద గుండె చప్పుడు గీత సాగింది. కదలిక వచ్చినప్పుడల్లా గీత కాస్త పైకి లేచి దిగుతోంది. అలా లేవడమే మంచి గుర్తట. తర్వాత స్కాన్‌లో ఉమ్మనీరు చూశారు. అంతా బాగుంది.

"అనవసరంగా మిమ్మల్ని లేపాం" అని నసిగింది మా అమ్మాయి. "రేపు మళ్లీ తగ్గినట్టనిపిస్తే మళ్లీ రా" అంది డ్యూటీ డాక్టరు, మూడు ముక్కల్లో.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. మా అమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చునుంది.

"మిగతా ఆరూ పడ్డాయా?"

"బటన్ మీద పడ్డాయి అమ్మమ్మా."